నాలుగు గీతల కిటికీ

మా మేనత్తకు లోకంలో ఎవరి మీదా ఈర్ష్య లేదు, మా అమ్మ మీద తప్ప. ఎదురింటివాళ్ళు మేడ కట్టినా, వెనకింటి పిల్లకు పెద్ద ఉద్యోగం వచ్చినా "బాగుపడనీ పాపం" అనేది. మా అమ్మ కొత్త చెంబు కొంటే మాత్రం ఆ పూట ఆవిడకు అన్నం సహించేది కాదు. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు. మా అత్త విషయంలో ఆ అర్ధం కాస్తా ముప్పావు దాకా పోయింది.

మా నాన్న బస్సు డిపోలో మెకానిక్. అత్త ఆయన చెల్లెలు, ఇంట్లో అందరికీ అమ్మడు. కుట్టుపని చేస్తుంది. మా ఇల్లూ ఆవిడ ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. మేముండే చోటును అందరూ గుంత అంటారు. ఒకప్పుడు అది రాతి క్వారీ. రాయి అయిపోయాక, తవ్వినవాళ్ళు ఆ అడుగునే ఇళ్ళు కట్టుకుని ఉండిపోయారు. మూడు పక్కలా నిలువు రాతిగోడలు, నాలుగో పక్కన రోడ్డు మీదికి ఎక్కే రాతిమెట్లు. ఎండ మాకు ఆలస్యంగా వచ్చి తొందరగా పోతుంది. వాన మాత్రం పైవాళ్ళ వాటాతో కలిపి వస్తుంది.

పైవాళ్ళంటే అంచు మీద మేడలవాళ్ళు. ఆ మేడల వెనక ఉన్న సెల్ టవర్ మా గుమ్మాల్లో నిలబడితే నిలువునా కనిపిస్తుంది. దాని మొహం అటు, వీపు ఇటు. వడ్డించేవాడు మన వరస వదిలేసి అవతలి వరసలోకి పోతుంటే ఎలా ఉంటుందో, దాన్ని చూసినప్పుడల్లా మాకు అలా ఉండేది. పైవాళ్ళు మంచం మీద పడుకుని, కాలు మీద కాలేసుకుని ఫోన్లో మాట్లాడుకుంటారని అత్త కళ్ళారా చూసినట్టు చెప్పేది. ఆ ఒక్క విషయంలో మా అమ్మ కూడా ఆవిడతో కలిసి ఏడ్చేది.

ఈ ఫోన్ల గొడవ సెల్‌ఫోన్లతో మొదలైంది కాదు. నా చిన్నప్పుడు గుంత మొత్తానికి ఒకటే ల్యాండ్‌లైన్ ఉండేది, అది మా ఇంట్లో. దారిలో బస్సు ఆగిపోతే నాన్నను పిలవడానికి డిపోవాళ్ళు పెట్టించారు. మామయ్య అప్పట్లో ఎక్కడెక్కడో రోడ్లు వేసే పనికి వెళ్ళేవాడు. ఆయన ఫోన్ చేస్తే మా ఇంటికే చెయ్యాలి. అమ్మ గోడ మీదుగా "అమ్మడూ, మీ ఆయన!" అని పిలిచేది. ఆ పిలుపులో కొంచెం దర్జా ఉండేదని, ఎంత నా తల్లి అయినా, నేను కాదనలేను.

అత్త పరుగున వచ్చి స్టూలు మీద కూర్చునేది. అమ్మ మర్యాదగా వంటింట్లోకి వెళ్ళిపోయేది. కాని మా వంటింటికి తలుపు లేదు. మొగుడితో చెప్పుకోవాలని దాచుకున్న మాటలన్నీ మింగేసి, "ఆరోగ్యం జాగ్రత్త" అని ఫోన్ పెట్టేసి, అత్త మొహం గంటు పెట్టుకుని వెళ్ళిపోయేది. "నా మొగుడి గొంతు కూడా వదిన ఇంట్లోంచే వినాలా?" అని నాయనమ్మ దగ్గర ఏడ్చేదట. ఆ ఏడవడానికి కూడా మా ఇంటికే రావాలి. ఎందుకంటే నాయనమ్మ, అంటే అత్తకు కన్నతల్లి, మాతోనే ఉండేది. మిషన్ మీద కూర్చోబెట్టి అత్తకు కుట్టుపని నేర్పింది ఆవిడే. మొగుడి గొంతు వదిన ఇంట్లో, కన్నతల్లి వదిన ఇంట్లో. ఇంక మంట లేకపోతే ఎలా?

కొన్నాళ్ళకు గుంతలో లైన్ నడపడం గిట్టుబాటు కావడంలేదని తీగలు ఊడదీసి చుట్టచుట్టుకుపోయారు. మా ఫోన్ బీరువా మీదికి చేరింది. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి గాని, గుంతలో అవి టైం చూసుకోవడానికీ దీపం వేసుకోవడానికీ తప్ప పనికొచ్చేవి కావు. మాట్లాడాలంటే మెట్లెక్కి రోడ్డు మీదికి పోవాల్సిందే. మెట్ల పైన నిలబడి మా వాళ్ళందరూ గోల చేస్తుంటే పైవాళ్ళు కిటికీలు మూసుకునేవారు.

అలాంటి రోజుల్లో అత్త వెలుతురు కోసం మిషన్‌ని పైగదిలోకి మార్చింది. కిటికీ గట్టు మీద కత్తెరా, సుద్దముక్కా, వాటి పక్కన ఫోనూ పెట్టుకుంది. ఫోన్ మోగింది. అత్త ముందు మిషన్ పాడైందనుకుందట.

క్వారీ రోజుల్లో రాయి పైకి లాగడానికి అంచులో ఒకచోట గండి కొట్టారు. ఆ గండిలోంచి తిన్నగా దూరాన మరెక్కడిదో టవర్ సిగ్నల్ వచ్చి అత్త కిటికీ మీద వాలుతోంది. కిటికీ వదిలి మిషన్ దాకా వస్తే లేదు. గట్టు మీద మాత్రం నిండా నాలుగు గీతలు. మొత్తం గుంతలో దేవుడు ఆ జానెడు గట్టునే ఎంచుకున్నాడంటే, అది వదినకు బుద్ధి చెప్పడానికేనని అత్త గట్టిగా నమ్మింది.

ఆ రోజు నుంచి అత్త దశ తిరిగింది. ఆవిడ మెట్ల మీద ఎప్పుడూ జనమే. చెప్పులు కింద వదలాలి. కత్తిరించిన గుడ్డ తొక్కకూడదు. వెనక ఇంకొకరు నిలబడి ఉంటే ముచ్చట్లు పెట్టకూడదు. అత్త మిషన్ తొక్కుతూనే ఊరందరి కబుర్లూ వినేది. ఎవరి పెళ్ళి ఎక్కడ ఆగిందో, ఎవరి ఉద్యోగం ఎందుకు పోయిందో అన్నీ ఆవిడకు తెలుసు. నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి మిగతావాళ్ళకూ తెలిసేవి. పైసా తీసుకునేది కాదు, అది ఒప్పుకోవాలి. కాని "నీ కుట్టు కుట్టే అమ్మడూ, బజారువాళ్ళు నీ ముందు దిగదుడుపు" అన్నవాళ్ళు ఎంతసేపు మాట్లాడినా ఏమనేది కాదు. "మీ వదిన ఎంత నెమ్మదస్తురాలో" అన్నవాళ్ళకు మాత్రం, "ఇవాళ సిగ్నల్ సరిగ్గా లేదమ్మా, రేపు రా" అని జవాబు వచ్చేది.

గుంతలో ఆ కిటికీ దగ్గరికి వెళ్ళని మనిషి ఒక్కరే, మా అమ్మ. ఎండలోనైనా వానలోనైనా సంచీ పుచ్చుకుని రాతిమెట్లెక్కి రోడ్డు మీదికి పోయి మాట్లాడి వచ్చేది. "వదిన ఒక్కసారి వచ్చి అడగనీ, నేను ఇవ్వనంటానా?" అని అత్త అందరితో అనేది. అమ్మ అడగలేదు. మా అమ్మ మంచిదే, కాని ఆ మంచితనంలో మొండితనం పాలు తక్కువేం కాదు. ఆవిడ అడుగుతుందని ఈవిడా, ఈవిడ రమ్మంటుందని ఆవిడా, గోడకు అటూ ఇటూ ఎదురుచూస్తూ కూర్చున్నారు.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ బట్టలు మడతపెడుతూ గుమ్మం దగ్గర పడిపోయింది. నోరు ఒక పక్కకు లాగేసింది. నాన్న డిపోలో ఉన్నాడు. నేను నాయనమ్మ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ అంబులెన్సుకు ఫోన్ చెయ్యాలని పక్కింటికి పరిగెత్తింది. మొదటిసారి ఆ మెట్ల దగ్గరికి వెళ్ళడం. మా గుమ్మంలోంచి నాకంతా కనిపిస్తోంది. అత్త కిటికీలోంచి తొంగిచూసింది. అమ్మను చూసింది. అంతలోనే మెట్ల పైన ఉన్న తలుపు గడియ పడిన చప్పుడు వినబడింది. "అమ్మడూ! తలుపు తియ్యి, అత్తయ్య—" అని అమ్మ అరిచేలోపే పైన మిషన్ మొదలైంది. ఆ పాత మిషన్ చప్పుడులో ఏ మాటా వినబడదు.

అమ్మ ఇంకొక్క క్షణం అక్కడ నిలబడలేదు. రాతిమెట్ల వైపు పరిగెత్తింది. ఆవిడ పైకెక్కి, రొప్పు తీర్చుకుని, ఫోన్ చేసి, బండి వచ్చి, మనుషులు స్ట్రెచర్ మోసుకుని కిందికి దిగేసరికి చాలా ఆలస్యమైంది. నాయనమ్మ ప్రాణం దక్కింది. కుడిచెయ్యీ, సగం మాటా దక్కలేదు. కాస్త ముందొచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. ఇంకోసారి ఇలా వస్తే ఇంత టైం కూడా ఉండదని కూడా అన్నాడు.

ఆసుపత్రి వరండాలో అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆ తలుపు దగ్గరికి నేనెందుకు వెళ్ళానో అమ్మడికి తెలియకూడదు. మీ నాన్నకూ తెలియకూడదు. తెలిస్తే అది బతకదు."

"బతక్కపోతే పోనీ," అన్నాను. నాకు కోపం తలకెక్కితే ఒళ్ళు తెలియదు.

"నోర్ముయ్. ఒట్టు వెయ్యి."

వేశాను. వేసినందుకు ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నానో చెప్పలేను. ఎందుకంటే ఆ తర్వాత మా అత్త ఏం చేసిందంటే, కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాట పాడింది. "పక్కనే నా కిటికీ పెట్టుకుని, నన్నడగడం నామోషీ అయ్యి, మెట్లెక్కిపోయి మా అమ్మ చెయ్యి పోగొట్టింది మా వదిన. పొగరు కాకపోతే ఏమిటది?" వదిన ఆ రోజు మెట్ల దాకా వచ్చిందన్న సంగతి ఆవిడకు గుర్తులేక కాదు. వదిన వాళ్ళ అక్కతో ఆ వారమంతా ఏదో తగవు నడుస్తోంది. ఆ తగవు తీర్చుకోవడానికే వచ్చి ఉంటుంది, తల్లి పడిపోయింది ఆ తర్వాతెప్పుడో అని అత్త లెక్క. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఆవిడకు తోచలేదు. తోచనివ్వలేదేమో కూడా.

అమ్మ ఆ మాటలన్నీ విని కూడా కుక్కిన పేనులా ఉండిపోయింది. కాని ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది. వంటింట్లో, పెరట్లో, గూట్లో, బీరువా మీద. చివరికి మా డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక, చెయ్యి పైకెత్తి పట్టుకుంటే, ఉండీ లేనట్టు ఒక గీత దొరికింది. ఇంకోసారి అవసరం వస్తే ఎవరి తలుపూ తట్టకుండా ఉండాలన్నదే ఆవిడ తాపత్రయం. అత్తకు అది వేరేలా అర్థమైంది. "చూశారా, నాకు పోటీగా డాబా మీద దుకాణం పెట్టింది!"

ఆ రోజుల్లోనే ప్రభుత్వం కొత్త టెలికాం విధానం తెచ్చింది. ఫోన్ కంపెనీల ఆదాయంలోంచి కొంత వాటా తీసి, సిగ్నల్ అందని ప్రతి చోటా టవర్ వేస్తారని, పెద్ద ఊరికీ చిన్న పేటకూ హక్కు ఒకటేనని చెప్పారు. గుంతలో లైన్‌మన్ బాబాయి అని ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు మా ఇంటికి ఆ ల్యాండ్‌లైన్ లాగింది ఆయనే. ఊడదీసిందీ ఆయనే. ఆ పాపం కడుక్కోవడానికన్నట్టు ఇంటింటికీ తిరిగి అర్జీ పెట్టించాడు. అందరికంటే ముందు సంతకం చేసింది మా అత్త. "మా అమ్మ మంచం పక్కన ఫోన్ పలకాలి బాబాయ్. డాక్టరు చెప్పింది విన్నావుగా," అంది. టవరొస్తే తన కిటికీకి విలువుండదని ఆవిడకు తెలియదా? తెలుసు. అయినా తల్లి కోసం ఒప్పుకుంది. మా అత్త చెడ్డది కాదు, అదే నా బాధ.

సర్వేకి మనిషి వస్తాడని తెలియగానే బాబాయి అందరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "ఎవరూ నోరు విప్పొద్దు. వీధిలో నడుస్తాడు, వాడి మిషన్ చూసుకుంటాడు, సున్నా అని రాసుకుపోతాడు. మన పని అయిపోతుంది." అందరూ తలలూపారు. అత్త కూడా ఊపింది.

సర్వే కుర్రాడు వచ్చాడు. చేతిలో యాంటెన్నా ఉన్న చిన్న పెట్టె. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. అంతా సున్నాయే. బాబాయి మొహం వెలిగిపోతోంది. మా గుమ్మం ముందుకొచ్చేసరికి అతనికి దాహం వేసింది. అమ్మ మంచినీళ్ళిచ్చింది. గ్లాసు తిరిగిస్తూ, "అయితే మీ వాళ్ళెవరికీ ఎక్కడా అందదా అండీ?" అని ఊరికే అడిగాడు. అమ్మకు అబద్ధం చెప్పడం చేతకాదు. నిజం చెప్పడానికి భయం. మధ్యేమార్గంగా, "ఉన్నదల్లా మా డాబా మీదే బాబూ. గుంతలో ఇక్కడొక్కచోటే కాస్త గీత కనబడుతుంది. అదీ మాటకు నిలవదు," అంది. అత్త కిటికీని కాపాడాలనే అంది పాపం. ఒక్క గీతకు ఎవరేం రాసుకుంటారులే అనుకుంది.

గోడ అవతల మా అత్త కాజాలు కుడుతోంది. మొదటి నుంచి చివరి దాకా అన్నీ విని, 'ఇక్కడొక్కచోటే' దగ్గర ఆగిపోయింది. కిటికీలోంచి సగం బయటికి వంగింది.

"ఏం బాబూ! ఒక్క గీత కోసం డాబాలెందుకు ఎక్కడం? ఇలా రా. నాలుగు గీతలు చూపిస్తా!"

లైన్‌మన్ బాబాయి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నాన్న "అమ్మడూ!" అని అరిచాడు. ఆవిడ వినే స్థితిలో లేదు. తలుపు బార్లా తీసి, కుర్రాణ్ణి చెప్పులతోనే పైకి తీసుకుపోయింది. పెట్టెను గట్టు మీద పెట్టించింది. "చూశావా? మాట ఎంత స్పష్టంగా వస్తుందో! ఈ గుంతంతా ఇక్కడికే వచ్చి మాట్లాడుకుంటారు. కావాలంటే అడుగు," అంది. పైనుంచి మా గుమ్మం వైపు చూసి పమిట సర్దుకుంది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. పందెం గెలిచిన మొహం అది.

జాబితా వచ్చింది. గుంత పేరు 'సేవ అందుతున్న చోట్లు' కింద ఉంది. జనం రాగలిగే ఒక్క చోట సిగ్నల్ ఉన్నా ఆ పేటకు సేవ అందుతున్నట్టే లెక్క. టవర్ ఇంకెవరికో పోయింది. ఆ సాయంత్రం అత్త కిటికీ దగ్గర మామూలుగానే జనం ఉన్నారు గాని, ఎవరూ ఆవిడ కుట్టు గురించి ఎత్తలేదు. మామయ్య అప్పటికి పనులు మానేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు, ఆవిడ కాజాలు కుడితే ఆయన గుండీలు కుట్టేవాడు. ఆయన కూడా ఆ రోజు సూది ముట్టుకోలేదు. అత్త మా ఇంటికొచ్చి నాయనమ్మ మంచం పట్టె మీద కూర్చుని తల బాదుకుంది. "నా నోరు పడిపోనూ! నీ మంచం దగ్గరికి రావలసిన ఫోన్ నేనే పోగొట్టానమ్మా!" వెళ్ళేముందు మాత్రం మా అమ్మ వైపు తిరిగి, "నువ్వు ఆ డాబా సంగతి ఎత్తకుండా ఉంటే నాకు ఈ గతి పట్టేదా?" అనకుండా వెళ్ళలేదు.

బాబాయి పట్టు వదల్లేదు. జాబితా మీద అభ్యంతరం పెట్టాడు. విచారణకు రమ్మని పిలుపొచ్చింది. అందరం బస్సెక్కి పై ఊళ్ళో ఆఫీసుకు వెళ్ళాం. పొడుగాటి గది, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు టవర్ల బొమ్మలున్న పటం. విచారణాధికారి ఒక నడివయసు ఆవిడ. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, మా కాగితాలు చదివి, సూటిగా విషయానికి వచ్చింది.

"ఆ కిటికీలో సిగ్నల్ ఉందన్నది ఖాయం. నేను తేల్చాల్సింది ఒక్కటే. అది అందరిదా, ఒకరిదా? ఎవరొచ్చినా, ఎప్పుడొచ్చినా తలుపు తెరిచే ఉంటే దాన్ని ప్రజల సౌకర్యం కింద లెక్కెయ్యాలి. ఇంటావిడ ఇష్టం మీద నడిచేదైతే అది సౌకర్యం కాదు, ఆవిడ దయ. దయను మేం లెక్కలోకి తీసుకోం. చెప్పండి. ఆవిడ ఎవరినైనా, ఎప్పుడైనా రావద్దందా?"

ఇంత తేలిక ప్రశ్నా అని నాకు ప్రాణం లేచివచ్చింది. 'రేపు రా' అనిపించుకోని మనిషి గుంతలో ఉంటేగా! కాని మా వాళ్ళ సంగతి నాకు అప్పటికీ పూర్తిగా తెలియదు. అత్త ఎదురుగా కూర్చుని ఉంది. రేపు పొద్దున మళ్ళీ ఆవిడ మెట్లే ఎక్కాలి. టవరొస్తుందో రాదో, కిటికీ మాత్రం ఉంది. ఒక్కొక్కరే లేచారు. "ఎన్నడూ కాదనలేదండీ." "తల్లిలాంటిదండీ." "అర్ధరాత్రి వెళ్ళినా తలుపు తీస్తుందండీ," అన్నాడొకడు, జన్మలో అర్ధరాత్రి వెళ్ళిన పాపాన పోనివాడు. లైన్‌మన్ బాబాయి కళ్ళతో ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. గుంత మొత్తం కలిసి, ముక్తకంఠంతో, తన టవర్‌ను తనే పాతిపెడుతోంది. అత్త ఆ పొగడ్తలు వింటూ, ఏం చెయ్యాలో తెలియక, మింగలేక కక్కలేక కూర్చుంది.

అధికారి చివరికి మా అమ్మను చూసింది. "మీరు పక్కింటివాళ్ళు కదా. మీరు చెప్పండి. మిమ్మల్ని ఎప్పుడైనా రానివ్వలేదా?"

ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో టవరొస్తుంది. అమ్మ లేచి నిలబడింది. అత్త వైపు ఒకసారి చూసింది. చేతిలో ఉన్న సంచీ పిడిని చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"లేదండీ," అంది. "మా ఆడపడుచు అలాంటి మనిషి కాదు."

నేను కోపంతో లేవబోయాను. నాకంటే ముందు అత్త లేచింది.

"అబద్ధం!"

అత్త మొహం జేవురించింది. "చూడండమ్మా, చూడండి! ఇదీ మా వదిన పద్ధతి! ఎక్కడికి పోయినా తనే మంచిది అనిపించుకోవాలి! ఇంట్లో తనే మంచిది, వీధిలో తనే మంచిది, ఆఖరికి ఈ ఆఫీసుకొచ్చినా తనే మంచిది! నీ మంచితనం నాకక్కర్లేదు వదినా. నేను నిన్ను రానివ్వలేదు. చూసి మరీ గడియ పెట్టాను!"

"అమ్మడూ, కూర్చో," అంది అమ్మ. "నీకు సరిగ్గా గుర్తులేదు."

"నాకా గుర్తులేంది?" ఆ మాటతో అత్త ఇంకా రెచ్చిపోయింది. అధికారి వైపు తిరిగింది. "రాసుకోండమ్మా. కండక్టర్ల చొక్కాలు కుడుతున్నా ఆ రోజు. ఖాకీ. మెట్ల కింద ఈవిడ కనబడగానే వెళ్ళి గడియ పెట్టాను. అమ్మడూ అని పిలిచింది. పిలవనీ అని మిషన్ తొక్కాను. ఆ ఊపులో ఒకే భుజానికి రెండు పట్టీలూ కుట్టేశాను కూడా! అంత బాగా గుర్తుంది నాకు. ఆ పట్టీ విప్పుతూ కూర్చున్నా. విప్పుతుంటేనే బాబాయి వచ్చాడు, వచ్చి చెప్పాడు, మా అమ్మను…"

ఆగిపోయింది.

అమ్మ తల వంచుకుంది. నేను గోడ మీది పటం వైపు చూశాను. అత్త లైన్‌మన్ బాబాయిని చూసింది, మా అమ్మను చూసింది, మళ్ళీ బాబాయిని చూసింది. చేతివేళ్ళు గాలిలో కుట్టు విప్పుతున్నట్టు కదిలి ఆగాయి.

అధికారి రాసుకుంటూ తల ఎత్తకుండానే అడిగింది. "ఆవిడ ఎందుకొచ్చారు ఆ రోజు?"

"మా అక్కతో మాట్లాడదామనండీ," అని అమ్మ గబగబా అంది. "ఏదో ఇంటి గొడవ. అంత ముఖ్యమైందేం కాదు."

"కాదమ్మా," అంది అత్త. గొంతులో ఏ కోపమూ లేదు ఇప్పుడు. "మా అమ్మ కోసం వచ్చింది. మా అమ్మ కింద పడి ఉంటే ఫోన్ చేద్దామని వచ్చింది."

అధికారి కలం ఆపి ఇద్దరినీ చూసింది. తర్వాత గుంతను సేవ అందని చోట్లలో చేరుస్తున్నానని చెప్పి, కాగితం మీద సంతకం పెట్టింది. బయటికొచ్చాక బాబాయి చప్పట్లు కొట్టబోయి, అత్తను చూసి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

బస్సులో అత్త అమ్మ పక్కనే కూర్చుంది.

"ఊరంతా నిన్ను ఆడిపోసుకుంటుంటే ఎలా విన్నావు వదినా?"

"చెవులతోనే."

"అప్పుడే నా మొహం మీద ఉమ్మెయ్యాల్సింది."

"ఆ తర్వాత మీ అమ్మ మొహం ఎలా చూసేదానివి?"

అత్త ముక్కు చీదుకుంది. "నీ దగ్గరున్నవన్నీ నాకూ కావాలని ఏడ్చాను ఇన్నాళ్ళూ. ఇది కూడా నీ దగ్గరే ఉంచుకున్నావు," అంది. అది నిష్ఠూరమో, దణ్ణమో నాకు తెలియలేదు. ఆవిడకూ తెలిసి ఉండదు.

ఇంటికొచ్చి అత్త సరాసరి మా ఇంట్లోకి నడిచింది. నాయనమ్మ మేలుకునే ఉంది. టవరొస్తుందని నాన్న చెప్పాడు. నాయనమ్మ వంకర నోటితో నవ్వింది. అత్త మంచం పక్కన నేల మీద కూర్చుని, పని చెయ్యని ఆ కుడిచెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"అమ్మా, ఆ రోజు వదినకు తలుపు తియ్యనిది నేనే."

నాయనమ్మ కాసేపు మాటలు కూడదీసుకుంది. "తె… తెలుసే."

అత్త గిర్రున తల తిప్పి అమ్మను చూసింది. ఆ క్షణంలో కూడా, ఒట్టు, ఆవిడ కళ్ళల్లో ఆ పాత మంటే లేచింది. "నాకు చెప్పకుండా నీకు చెప్పిందా?"

నాయనమ్మ కాదన్నట్టు తలాడించింది. ఎడమచెయ్యి ఎత్తి, తను పడిపోయిన గుమ్మం వైపు చూపించింది. ఒక్కొక్క మాటే బయటికి తెచ్చింది.

"అక్కడ… పడుకున్నా కదే. నీ మిషన్… మొదలవడం… విన్నా."

అత్త ఆ చెయ్యి వదల్లేదు. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, అన్నానికి ఎసరు పెట్టమంది, అందరికీ సరిపోయేలా.